ఆపరేషన్ కుదరదన్న లివర్ క్యాన్సర్‌కి లివర్ మార్పిడి చేస్తారా?

మీ నాన్నగారికి ఆపరేషన్ కుదరదన్నారు, ఇక మార్పిడి కూడా కుదరనట్టేనా అని అడిగారు. అలా ఏం లేదు, ముందు ఎందుకు కుదరదో అడగండి. గడ్డ చిన్నదే అయినా మిగతా లివర్ సిరోసిస్‌తో, అంటే మచ్చలు పడి గట్టిపడిపోయి, పాడైపోయి ఉంటే ముక్క కోసి తీయలేరు, మిగిలినది పనిచేయదు కాబట్టి. మార్పిడి ఉన్నదే అలాంటివాళ్ళ కోసం, గడ్డతో పాటు సిరోసిసూ పోతుంది. క్యాన్సర్ ఊపిరితిత్తులకో ఎముకలకో పాకింది కాబట్టి కుదరదన్నారంటే మాత్రం మార్పిడి చేయరు.

మా మేనమామది మొదటి రకం. చుక్క ముట్టని మనిషి, లివర్‌ని పాడుచేసే హెపటైటిస్ బి వైరస్ ఎప్పట్నుంచో ఉందని ఎవరికీ తెలియదు. మార్పిడి ఎవరికి చేయొచ్చో తేల్చడానికి 1996లో ఇటలీ డాక్టర్లు పెట్టిన మిలాన్ లెక్క ఒకటుంది. ఒక్క గడ్డయితే 5 సెంటీమీటర్లు దాటకూడదు, రెండు మూడు ఉంటే ఒక్కోటీ 3 దాటకూడదు, పెద్ద రక్తనాళాల్లోకి పోకూడదు. మామయ్య ఆ లెక్కలోకి వచ్చాడు.

మరి లివర్ ఇచ్చేదెవరు? అత్తయ్య బ్లడ్ గ్రూపు కలవలేదు. వాళ్ళబ్బాయి, అంటే మా బావది కలిసింది, తీరా టెస్టులు చేస్తే ఫ్యాటీ లివర్! నన్నడిగితే అదంతా రాత్రి పదింటికి తినే బిర్యానీల పుణ్యం. బరువు తగ్గి రమ్మన్నారు. ఈలోగా గడ్డ పెరగకుండా మామయ్యకి తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్న గొట్టం పంపి, నేరుగా గడ్డకే కీమో ఇచ్చి దానికి రక్తం అందకుండా మూసేశారు, టేస్ అంటారు. బావేమో అన్నం మానేసి పొద్దున్నా సాయంత్రం నడక. అత్తయ్య ఒక్క చపాతీ అయినా తినరా అని వెంటపడుతుంటే మామయ్య గదిలోంచి "వాడికి పెట్టకే, అది నాకొచ్చే లివర్!" అని అరిచేవాడు, ఆ టెన్షన్‌లోనూ అందరం పడీపడీ నవ్వేవాళ్ళం.

చుట్టాలు మాత్రం "ఈ తంటా అంతా ఎందుకు, కూతురుందిగా, ఇచ్చేస్తుంది" అన్నారు, ఆ అమ్మాయిని ఒక్క మాట అడక్కుండానే. మన దేశంలో బతికుండగా అవయవాలిచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, పుచ్చుకునేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. ఎందుకో ఆ రోజు అర్థమైంది. అల్లుడు నేనిస్తానన్నాడు గానీ అవయవ మార్పిడి చట్టం చెప్పిన దగ్గరి బంధువుల్లో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతలు, మనవలే ఉన్నారు, అల్లుడు లేడు. అతనివ్వాలంటే ఇలాంటి దానాల్ని పరిశీలించే కమిటీ అనుమతి కావాలి. చివరికి బరువు తగ్గిన బావే కుడివైపు భాగం ఇచ్చాడు, అతనిది మళ్ళీ పెరిగింది. మామయ్య రోజూ కొత్త లివర్‌ని ఒళ్ళు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, దాంతోపాటు హెపటైటిస్ బి మాత్రలు వేసుకుంటున్నాడు, జీవితాంతం వేసుకోవాల్సిందే.

గడ్డ పెద్దదన్నా వదిలేయకండి, చికిత్సతో కుదించాక మార్పిడి చేసిన కేసులున్నాయి. పసరు మందు అని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపేయండి. ఇంట్లో ఇచ్చేవాళ్ళు లేకపోతే ఆసుపత్రి ద్వారా జీవన్‌దాన్‌లో, అంటే బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ అవయవాలు అందించే ప్రభుత్వ పథకంలో, పేరు నమోదు చేయించండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్‌లో కూడా ఈ ఆపరేషన్లు చేశారు, కార్పొరేట్‌కి పోయే ముందు అక్కడ ఒకసారి కనుక్కోండి.