లైవ్ పెట్టే మేనల్లుడికి

బాబూ,

ప్రభువు నామంలో నీకు దీవెనలు. చర్చిలో లైవ్ బాధ్యత ఇచ్చినప్పటి నుంచి వాక్యం చెవికెక్కడం లేదని, ప్రార్థనలో కూడా మనసు ఫోన్ మీదే ఉంటోందని అన్నావు. టెన్షన్ పడకు, అలాగని వదిలేయకు కూడా.

ముందు ఆ అంకె సంగతి చూడు. లైవ్ నడుస్తున్నంతసేపూ ఎంతమంది చూస్తున్నారో తెర మీద కనబడుతూనే ఉంటుంది. పాస్టరుగారి ప్రసంగం మధ్యలో అది తగ్గితే నీ ముఖం వాడిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. సౌండు సరిచూసుకున్నాక అక్కడ చిన్న కాగితం ముక్క అంటించేయ్. కువైట్‌లో ఉన్న మనవాళ్లకు ఆదివారం పనిదినం. వాళ్లు రాత్రి గదికి చేరాక చూసుకుంటారు. ఆ అంకెలో వాళ్లు ఎప్పటికీ కనబడరు.

ఈస్టరు ముందటి ఉపవాస దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు చదివే మత్తయి సువార్త 6వ అధ్యాయం ఇంకోసారి తియ్యి. ధర్మం, ప్రార్థన, ఉపవాసం, మూడింటి దగ్గరా ప్రభువు అదే మాట అంటాడు: నలుగురికీ కనబడాలని చేసేవాళ్లు తమ ఫలం అప్పుడే పొందేశారు. దుప్పటి ఇస్తూ ముసలమ్మను కెమెరా వైపు తిప్పి నిలబెట్టే ఫొటోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పంచడానికి వెళ్లే రోజు నీ ఫోన్ ఇంట్లోనే ఉండనీ.

గ్రూపులో ఎవరో 'నాన్నకు ఆపరేషన్, ప్రార్థించండి' అని పెడతారు. వెంటనే దండం బొమ్మ నొక్కకు. ఫోన్ బోర్లా పెట్టి, ఆయన పేరెత్తి రెండు నిమిషాలు ప్రార్థించు. బొమ్మ తర్వాత పెట్టొచ్చు, పెట్టకపోయినా పరవాలేదు. సాయంత్రం ఫోన్ చేసి 'ఎలా ఉంది నాన్నకు' అని అడుగు. ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లకు ఆ గొంతు వినబడితే ఎంత ధైర్యమో!

పొద్దున్న అచ్చు బైబిలే చదువు. యాప్‌లో చదువుతుంటే పైనుంచి మెసేజులు దిగుతూనే ఉంటాయి. నచ్చిన వచనాన్ని స్టేటస్‌లో పెట్టడానికి తొందరపడకు, రాత్రి దాకా నీలోనే ఉంచుకో. స్టేటస్ పెట్టని వాక్యమే నాకు ఎక్కువ రోజులు గుర్తుంటోంది.

లైవ్ మానేయమని అనడం లేదు, మంచం పట్టినవాళ్లకు అదే ఆధారం. నెలకో ఆదివారం మాత్రం ఆ పని ఇంకో అబ్బాయికి అప్పగించి, వచ్చి మాతో కూర్చో. అతను నీకంటే బాగా చేస్తే, ఆ మాట అతనితోనే చెప్పు.

మీ అత్తయ్య