ఓ గ్రూపు వాళ్లకు ఓ రక్తం పడకపోవడమేమిటి?

ప్రశ్న: మా చెల్లెలికి గర్భసంచి ఆపరేషన్ చేయాలి. కార్డులో ఓ పాజిటివ్ అని ఉంది, కానీ ఓ పాజిటివ్ రక్తం ఒక్క యూనిట్ కూడా క్రాస్‌మ్యాచ్ (దాత, రోగి రక్తాలను కలిపి చూసే పరీక్ష) కాలేదు. ‘బాంబే గ్రూపు’ అన్నారు. మా అమ్మది ఏబీ. ఏబీ తల్లికి ఓ బిడ్డ పుట్టదంటున్నారు, నిజమేనా? ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తేడా అంతా ఒక్క చక్కెర అణువు దగ్గరే ఉంది. ఎర్ర రక్తకణాల పైపొరలోని ప్రొటీన్లకు, కొవ్వులకు చక్కెరల గొలుసులు అతికి ఉంటాయి. గొలుసు చివర ఒక ఎంజైమ్ ఫ్యూకోజ్ అనే చక్కెరను తగిలిస్తుంది. అలా తయారైనదే ‘హెచ్’. దానికి ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్ చేరితే ఏ గ్రూపు, గెలాక్టోజ్ చేరితే బి, ఏదీ చేరకపోతే ఓ. మీ చెల్లెలికి ఫ్యూకోజ్ తగిలించే ఎంజైమే పనిచేయడం లేదు, ఇదే బాంబే గ్రూపు. హెచ్ లేనిచోట ఏ, బి చక్కెరలు అతకవు, వాటి జన్యువులున్నా సరే. కాబట్టి ఏబీ తల్లికి ‘ఓ’లా కనిపించే బిడ్డ పుట్టవచ్చు. దీన్ని పట్టుకుని ఎవరినీ అనుమానించడం ఘోరమైన అన్యాయం. 1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే బృందం ఈ గ్రూపును గుర్తించింది.

ఏ, బి గ్రూపులను గుర్తించే యాంటీ-ఏ, యాంటీ-బి చుక్కలు మాత్రమే వేసి చూస్తే ఈ రక్తం ఎందులోనూ ఉండకట్టదు, ఓ అని రాసేస్తారు. రోగి సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) ఓ కణాలు కూడా కలిపి చూస్తే ఉండకడతాయి, ఎందుకంటే సీరంలో హెచ్‌ను పట్టుకునే యాంటీబాడీలుంటాయి. హెచ్‌ను పట్టుకునే ప్రొటీన్ అయిన యాంటీ-హెచ్ లెక్టిన్‌తో నిర్ధారించాలి: అది మామూలు ఓ కణాలను గట్టిగా ఉండకట్టిస్తుంది, బాంబే కణాలను కట్టించదు. హెచ్ ఎక్కువగా ఉండేది ఓ కణాల మీదే. అది తెలియక ఓ రక్తం ఎక్కిస్తే కణాలు రక్తనాళాల్లోనే పగిలి చలిజ్వరం, నడుంనొప్పి, ఎర్రటి మూత్రం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కార్డును ఇవాళే సరిచేయించండి.

ఎర్రకణాలు బాంబే గ్రూపు దాతవే ఎక్కించాలి, ఆర్‌హెచ్ (పాజిటివ్, నెగెటివ్) కూడా కలవాలి. దాతను వెతకడం మీతోనే మొదలుపెట్టండి: సొంత అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల్లో ఒక్కొక్కరికి సాధారణంగా నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మీ ఇంట్లో మేనరికాలుంటే దగ్గరి బంధువులందరినీ పరీక్షించడం మంచిది. ఆపరేషన్ తొందర లేకపోతే ఆమె రక్తాన్నే ముందుగా తీసి దాచవచ్చు. అందుకు హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకూడదు, తక్కువుంటే ముందు ఐరన్‌తో పెంచాలి. మామూలు సంచిలో రక్తం 35 రోజులే నిలుస్తుంది, ఆఖరిసారి తీయడానికీ ఆపరేషన్‌కీ మధ్య కనీసం 72 గంటలుండాలి.