గిటార్ పట్టుకుంటే నడుం పట్టేస్తోంది.. మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. పగలంతా ల్యాప్‌టాప్ ముందు ఉద్యోగం. ఏడాదిగా క్లాసికల్ గిటార్ నేర్చుకుంటున్నాను. ఎడమ కాలు పీట మీద పెట్టి రోజూ రాత్రి రెండు గంటలు వాయిస్తాను. ఈమధ్య అరగంట దాటితే చాలు, నడుం ఎడమవైపు పట్టేస్తోంది. గిటార్ మానేయాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మానక్కర్లేదండీ. పగలంతా కూర్చునే ఉంటున్నారు కాబట్టి రాత్రి గిటార్ తీసేసరికే నడుం అలసిపోయి ఉంటుంది. నింద మాత్రం గిటార్ మీద పడుతోంది.

ఎడమ కాలు ఎత్తులో పెట్టడం తప్పు కాదు. స్పెయిన్ గిటార్ విద్వాంసుడు ఫ్రాన్సిస్కో టార్రెగా (1852-1909) కూడా అలాగే కూర్చునేవారు. కానీ ఒక్క కాలే పైకి లేస్తే కటి ఎముక వెనక్కి, కాస్త పక్కకి ఒరుగుతుంది. నడుం దగ్గరుండే సహజమైన వంపు పోయి వీపు గూనిలా అవుతుంది. దానికితోడు ఇళ్లలో ఉండే చేతుల ప్లాస్టిక్ కుర్చీ సీటు వెనక్కి వాలి ఉంటుంది, ఇంకా లోపలికి కూరుకుపోతారు.

చేతుల్లేని గట్టి కుర్చీ తీసుకోండి, డైనింగ్ టేబుల్ కుర్చీ చాలు. ముందు అంచున కూర్చుని కుడి పాదం పూర్తిగా నేలకు ఆనించండి. పీట 10-12 సెంటీమీటర్లతో మొదలుపెట్టండి. గిటార్ నడుము భాగం (పక్కన లోపలికి వంగిన చోటు) ఎడమ తొడ మీద, వెనక భాగం ఛాతీకి తేలిగ్గా ఆనాలి. ట్యూనింగ్ కీలుండే తల దాదాపు మీ కంటి ఎత్తుకు రావాలి. ఎడమ చెయ్యి వదిలేసినా గిటార్ కదలకూడదు. కదిలితే దాన్ని మోస్తున్నది మీ ఎడమ భుజమే. ఫ్రెట్‌లు (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు) కనపడాలని మెడ వంచి తొంగిచూడటం కొత్తగా నేర్చుకునేవాళ్లందరికీ ఉండే అలవాటే. పక్క నుంచి ఫోన్‌లో ఓ వీడియో తీసుకుని చూడండి, మీకే తెలుస్తుంది.

అప్పటికీ తగ్గకపోతే పీట తీసేసి, గిటార్‌కు అంటుకునే సపోర్ట్ గానీ, తొడ మీద గట్టి దిండు గానీ వాడండి. రెండు పాదాలూ నేల మీదే ఉంటాయి. నా ఓటు దీనికే. రెండు గంటలూ ఏకబిగిన వద్దు. పాతిక నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేయండి. మందుల షాపులో అడిగి నడుం బెల్టు, నొప్పి మాత్రలు మాత్రం తెచ్చుకోకండి.

నొప్పి మోకాలి కిందికి పాకినా, కాలు తిమ్మిరెక్కినా, మూడు నాలుగు వారాల్లో తగ్గకపోయినా ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి. మల మూత్రాల మీద అదుపు తప్పినా, పాదం పట్టు తప్పుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.