ఉంగరం బిగిసింది, ఇంకా నీళ్లు తాగాలా?

ప్రశ్న: నా వయసు 36. తిరుపతిలో ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగం. రెండేళ్లుగా తెల్లవారుజామున పరుగెత్తుతున్నాను. చలికాలంలో 21 కి.మీ. తేలిగ్గా పూర్తిచేసేవాణ్ణి, ఏప్రిల్ వచ్చేసరికి 8 కి.మీ.కే గుండె దడదడలాడుతోంది. నీళ్లు చాలడం లేదని మిత్రులు అంటే, గత ఆదివారం ఎండలో రెండున్నర గంటలు మెల్లగా పరుగెత్తుతూ నాలుగు లీటర్లు తాగాను. తలనొప్పి, వికారం వచ్చాయి, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగిసిపోయింది. కాటా ఎక్కితే పొద్దుటికన్నా 700 గ్రాములు ఎక్కువున్నాను. ఇంకా తాగాలా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వివరం ఆ 700 గ్రాములు. రెండున్నర గంటలు చెమటోడ్చిన మనిషి బరువు తగ్గాలే గాని పెరగకూడదు. చెమటతో పాటు ఉప్పు కూడా పోతుంది; ఆ చోట వట్టి నీళ్లు చేరితే ఉప్పులో ఉండే సోడియం రక్తంలో పలచబడుతుంది, పైగా పరుగు సమయంలో శరీరం మూత్రాన్ని అదుపు చేస్తుంది కనుక ఎక్కువైన నీరు వెంటనే బయటికి పోదు. వేడికి వేళ్లు కాస్త ఉబ్బడం మామూలే గాని, బరువు పెరిగి, తలనొప్పి, వికారం తోడైతే సోడియం పడిపోయిందేమోనని అనుమానించాల్సిందే. 2002 బోస్టన్ మారథాన్‌లో 28 ఏళ్ల యువతి ఈ కారణంగానే మరణించారు. ఆ పోటీలోనే 488 మంది రక్తాన్ని పరీక్షించగా, 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా, అంటే లీటరుకు 135 మిల్లీమోల్స్ లేదా అంతకన్నా దిగువన ఉన్నట్టు తేలింది.

దాహం వేసినప్పుడు తాగండి. మీ చెమట లెక్క తెలియాలంటే పరుగుకు ముందు, తరువాత ఒళ్లు తుడుచుకొని బరువు చూసుకోండి. 68.4 కిలోలు 67.1 అయి, మధ్యలో అర లీటరు తాగి ఉంటే, పోయిన చెమట సుమారు 1.8 లీటర్లు. అదంతా దారిలోనే పూడ్చుకోనక్కర్లేదు; మిగిలినది ఇంటికొచ్చి ఉప్పు వేసిన మజ్జిగతోనో, పలచటి రాగి అంబలితోనో నింపుకోవచ్చు.

ఇక గుండె దడ. దానికి మందు నీళ్లు కాదు, రోజులు. వేడిని వదిలించుకోవడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కండరాలకూ అదే రక్తం కావాలి, కనుక గుండె ఎక్కువసార్లు కొట్టుకోక తప్పదు. వరసగా 10 నుంచి 14 రోజులు వేడిలో శ్రమపడితే మొదటి వారంలోనే రక్తంలోని ద్రవభాగం పెరిగి గుండె వేగం తగ్గుతుంది. ఆ తరువాత చెమట ముందుగానే మొదలై, ఎక్కువగా పట్టి, అందులో ఉప్పు తగ్గుతుంది. గమనించండి, ఎండకు అలవాటుపడిన శరీరానికి నీటి అవసరం పెరుగుతుందే గాని తగ్గదు. నీళ్లు మానేసి ఒంటిని రాటుదేల్చాలనే పాత శిక్షకుల మాటను నేను ఏమాత్రం ఒప్పుకోను.

తిరుపతిలో పుట్టి పెరిగాను కదా అంటారేమో. చల్లటి వేళ పరుగు, పగలంతా ఏసీ. మీ శరీరానికి ఎండతో పరిచయమే తక్కువ. ఉదయం ఎనిమిది ప్రాంతంలో అరగంటతో, మాట్లాడగలిగేంత నెమ్మదిగా మొదలుపెట్టి, రెండు వారాల్లో గంట దాకా పెంచండి. అలిపిరి మెట్ల మీద పరుగు అప్పుడే వద్దు. సాధన ఆపేస్తే ఈ అలవాటు కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి దూరపు పరుగుల సాధనకు వెళ్లేటప్పుడు జేబులో ఉల్లిపాయ పెట్టి పంపుతున్నాను. వడదెబ్బ నుంచి కాపాడుతుందా? చెమట పడుతున్నంతసేపు భయం లేదంటారు, నిజమేనా? – ఒక తల్లి, చిత్తూరు

జవాబు: ఉల్లిపాయ కాపాడదమ్మా, అలాగని హాని కూడా చేయదు. రెండో మాట మాత్రం ప్రమాదకరం. పరుగులో వచ్చే వడదెబ్బలో ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే లోపలి వేడి 40 డిగ్రీలు దాటవచ్చు. అడుగులు తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా చెమట కోసం చూడకుండా, వెంటనే నీడకు చేర్చి, 108కి ఫోన్ చేయించి, అంబులెన్స్ వచ్చేలోగా బిందెలకొద్దీ చల్లటి నీళ్లు ఒంటి మీద పోయిస్తూ విసరమని తోటి పిల్లలకు చెప్పి ఉంచండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో మాత్రం నీళ్లు పోయవద్దనండి.