భుజాలు కోసుకుపోతుంటే బ్రా సైజు పెంచాలా? – డాక్టర్ సలహా

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గాజువాక. నా వయసు 36. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, రోజంతా నిలబడే ఉంటాను. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి మూడేళ్లు. పెళ్లయినప్పటి నుంచి 34 సైజు బ్రా వేసుకునేదాన్ని. చిన్నవాడు పుట్టాక బిగుతుగా అనిపించి 36కి మారాను. ప్యాకెట్ మీద ‘బి’ అని ఉంది. ఏడాదిగా మెడ, భుజాలు లాగేస్తున్నాయి. పట్టీలు ఉండేచోట నల్లగా గాడి పడిపోయింది. ఎండలు మొదలైతే రొమ్ముల కింద ఎర్రగా ఒరుసుకుపోయి ఒకటే మంట, దురద. షాపులో అడిగితే 38 తీసుకోమంటున్నారు. బిగుతుగా వేసుకోకపోతే జారిపోతాయని మా అత్తగారు అంటారు. వైరున్న బ్రా వల్ల క్యాన్సర్ వస్తుందని తోటి టీచర్ చెప్పింది. టేపుతో కొలుచుకుంటే రొమ్ముల కింద 30 అంగుళాలు, పైన 37 అంగుళాలు వచ్చింది. నాకు ఏ సైజు సరిపోతుంది? అసలిది డాక్టర్‌ని అడగాల్సిన విషయమేనా?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: తప్పకుండా అడగాల్సిన విషయమే. మెడనొప్పి అంటూ ఎక్స్‌రేలు తీయించుకుని, నెలల తరబడి నొప్పి మాత్రలు మింగి, అప్పటికీ తగ్గక మా దగ్గరకు వచ్చే మహిళలు చాలామంది ఉన్నారు. ‘ఏ సైజు వేసుకుంటున్నారు?’ అని అప్పటిదాకా వాళ్లని అడిగినవాళ్లే ఉండరు. మీరు టేపు పెట్టి కొలుచుకుని మరీ రాశారు కాబట్టి సూటిగా జవాబు చెప్పగలుగుతున్నాను.

38 కొనకండి. మీ కొలతలకు సరిపోయేది 34, కానీ ‘సి’ కప్పు. ఇదివరకటి 34 బిగుతుగా అనిపించింది కింది పట్టీ చిన్నదై కాదు, కప్పు చాలక.

బ్రా సైజులో అంకె ఒకటి, అక్షరం ఒకటి ఉంటాయి. అంకె రొమ్ముల కింద పక్కటెముకల చుట్టూ తిరిగే పట్టీది. అక్షరం కప్పుది. ఈ అక్షరాల పద్ధతి 1930ల్లోనే అమెరికాలో మొదలైనా మన షాపు కౌంటర్ దాకా ఇంకా పూర్తిగా రాలేదు. మన విశాఖలో పూర్ణా మార్కెట్లో అయినా, జగదాంబ దగ్గర అయినా ‘34 ఇమ్మంటారా, 36 ఇమ్మంటారా?’ అనే అడుగుతారు. అవతల అబ్బాయి నిలబడి ఉంటే మనమూ ఏదో ఒక అంకె చెప్పేసి, కవరు చేతికి రాగానే బయటపడదామని చూస్తాం. పక్కనే అచ్యుతాపురంలో వేలమంది ఆడవాళ్లు రకరకాల దుస్తులు, లోదుస్తులు కుట్టి ప్రపంచానికి పంపుతుంటే, ఇక్కడ మనం మన కొలత తెలియకుండానే ఏళ్లు గడిపేస్తున్నాం. నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాన్పుల తర్వాత, పాలిచ్చాక, కాస్త ఒళ్లు చేశాక ఎక్కువగా మారేది కప్పు. ఎముకల గూడు అంతగా మారదు. కప్పు చాలనప్పుడు రొమ్ము బ్రాను ముందుకు లాగుతుంది, దాంతో వీపు దగ్గర పట్టీ బిగిసినట్టు అనిపిస్తుంది. పట్టీ బిగుతైందనుకుని మీరు 36బికి వెళ్లారు. 36బి కప్పు, 34సి కప్పు దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. అంటే మీకు కప్పు సరిపోయింది గానీ, దాంతోపాటే పట్టీ ఒక సైజు వదులైంది. వదులైన పట్టీ వెనక వీపు మీదికి పాకుతుంది. వెనక పైకి లేస్తే ముందు కిందికి దిగుతుంది. దిగిందని మీరు భుజం పట్టీలు బిగిస్తారు, బిగించినకొద్దీ వెనక ఇంకా పైకి లేస్తుంది. రొమ్ముల బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది కింది పట్టీ. అది వదిలేస్తే ఆ బరువు వేలెడు వెడల్పు కూడా లేని రెండు భుజం పట్టీల మీద పడుతుంది. మీ భుజాల మీది గాడి అలా పడిందే. మెడ నుంచి భుజానికి దిగే కండరం రోజంతా బిగిసి ఉంటే సాయంత్రానికి తలనొప్పి కూడా రావచ్చు.

ఇక లెక్క. మీ 30 అంగుళాలంటే 76 సెంటీమీటర్లు, 37 అంటే 94. మన దగ్గర అమ్మే చాలా కంపెనీల పట్టికల్లో కింది కొలత 73 నుంచి 77 సెంటీమీటర్ల మధ్య ఉంటే 34 సైజు. ప్యాకెట్ మీద 34 పక్కనే 75 అని కూడా చాలాసార్లు కనిపిస్తుంది. పై కొలతకీ కింది కొలతకీ తేడా 12–14 సెంటీమీటర్లుంటే ఎ, 14–16 అయితే బి, 16–18 అయితే సి, 18–20 అయితే డి. మీ తేడా 18. సి, డి సరిహద్దులో ఉన్నారు కాబట్టి ముందు 34సి చూడండి, పైనగానీ చంక పక్కనగానీ ఉబ్బి బయటికొస్తుంటే 34డి. కింది కొలతకు నాలుగో అయిదో అంగుళాలు కలపమనే పాత లెక్క కొన్ని కంపెనీలకు కుదురుతుంది, కొన్నిటికి కుదరదు. మీరేమీ కలపకుండా, కొలతలు సెంటీమీటర్లలో రాసి పెట్టుకుని ఏ కంపెనీది కొంటే ఆ పట్టికలోనే చూసుకోండి.

బ్లౌజు కొలత చెప్పి బ్రా కొనేవాళ్లూ ఎక్కువే. టైలరు ‘మీది 36’ అంటే అది ఛాతీ మొత్తం చుట్టుకొలత. మిగతాది ఆమె డాట్లు పట్టి సర్దేస్తుంది. ఆ అంకెకీ మీ పక్కటెముకల కొలతకీ సంబంధం లేదు.

మళ్లీ కొలిచేటప్పుడు ప్యాడ్ లేని పలుచని బ్రాతో అద్దం ముందు నిలబడండి. రొమ్ముల కింద టేపు వీపు దగ్గర పైకి లేవకుండా చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి. ఊపిరి వదిలి, బిగించి చూడండి. పై కొలత చనుమొనల మీదుగా, నొక్కకుండా తీయండి. పిల్లలకు పాలిచ్చిన వాళ్లలో రొమ్ము కాస్త కిందికి ఉంటుంది కాబట్టి నడుము వంచి ముందుకు వంగి కొలిస్తే సరైన అంకె వస్తుంది. నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కుతాయి, ఆ వారంలో కొలవకండి. ఒక రొమ్ము రెండోదానికంటే కొంచెం పెద్దగా ఉండటం చాలామందిలో మామూలే. పెద్దదానికి సరిపోయే కప్పు తీసుకోవాలి.

కొన్నాక వేసి చూడటం కొలవడం కంటే ముఖ్యం. చాలా షాపుల్లో లోదుస్తులు వేసి చూడనివ్వరు. అందుకే మార్చుకునే వీలుంటుందో లేదో ముందే అడిగి, మొదటిసారి ఒక్కటే కొనండి. ఇంటికొచ్చి ట్యాగు తీయకుండా వేసుకోండి. కొత్తదాన్ని అన్నిటికంటే బయట ఉండే, అంటే వదులుగా ఉండే హుక్కుల వరసకు పెట్టుకోవాలి. ఉతికేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, లోపలి వరసలు అప్పటికి పనికొస్తాయి. ముందుకు వంగి, చంక వైపు మిగిలిన భాగాన్ని ఎదుటి చేత్తో కప్పులోకి సర్దుకుని నిలబడండి. కింది పట్టీ లోపలికి రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు. బోర్డు మీద పైవరస రాస్తున్నట్టు చెయ్యి ఎత్తండి. పట్టీ కూడా చేతితోపాటు పైకి వస్తే అది వదులు. ఆఖరుగా భుజం పట్టీలు రెండూ పక్కకి జార్చి చూడండి. కప్పులు కాస్త దిగినా దాదాపు ఉన్నచోటే నిలబడ్డాయంటే కింది పట్టీ తన పని తాను చేస్తున్నట్టే. వైరున్న రకమైతే రెండు కప్పుల మధ్య భాగం ఛాతీ మధ్య ఎముకకు ఆనాలి, వైరు రొమ్ము మీద కాకుండా దాని చుట్టూ కూర్చోవాలి. మీకు భుజాల దగ్గర పట్టీ వెడల్పుగా ఉన్న కాటన్ రకం హాయిగా ఉంటుంది.

సరైన సైజులోకి మారాక భుజాల నొప్పి కొన్ని వారాల్లో తగ్గాలి. పుస్తకాల సంచి రోజూ ఒకే భుజానికి తగిలించుకుంటుంటే అదీ మానండి. తగ్గకపోయినా, చెయ్యి తిమ్మిరెక్కినా, రాత్రి నొప్పితో మెలకువ వస్తున్నా మెడను విడిగా పరీక్ష చేయించుకోవాలి. ఎడమవైపు ఛాతీ నొక్కినట్టుండి చేతికో దవడకో పాకితే మాత్రం దాన్ని బ్రా మీదికి నెట్టేయకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

రొమ్ముల కింది ఒరుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి. విశాఖలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది. సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట పట్టినా ఆరదు. మీ బ్రా ముందుకు దిగిపోయి, రొమ్ము కింది భాగం నేరుగా ఒంటికి ఆనుకుంటోంది. చర్మానికి చర్మం రాసుకుని, ఆ మడతలో తడి నిలిచి, అక్కడ ఫంగస్ చేరుతుంది. రొమ్మును ఒంటికి ఆననీయకుండా నిలిపే బ్రా వేసుకుంటే సగం వైద్యం అయినట్టే.

బట్టలు ఆరేసే తీరు మీద నాకు ఇంకా పెద్ద ఫిర్యాదు ఉంది. మన ఇళ్లలో డాబా మీద మగవాళ్ల బనియన్లు ఎండలో ఊగుతుంటాయి, ఆడవాళ్ల లోదుస్తులు మాత్రం చీర కిందో తువ్వాలు కిందో దాక్కుంటాయి. లేదా బాత్రూంలో తలుపు వెనక వేలాడుతుంటాయి. వానాకాలంలో అవి రెండు రోజులకీ పూర్తిగా ఆరవు. పొద్దున్నే స్కూలు తొందరలో ఆ చెమ్మతోనే వేసుకుంటారు. మందు ఎంత రాసినా ఫంగస్ తిరిగి రావడానికి ఈ తడి బట్టే ప్రధాన కారణాల్లో ఒకటి. మీ బ్రాలను ఎండలో, గాలి తగిలేలా, అందరి బట్టలతోపాటే ఆరేయండి. సిగ్గుపడాల్సిన పని ఏమీ లేదు. వేసవిలో రోజూ మార్చాలి, వీలైతే స్కూలు నుంచి రాగానే స్నానం చేసి ఆరినది వేసుకోవాలి. మూడు నాలుగు ఉంచుకుని మార్చి మార్చి వాడితే ఎలాస్టిక్ కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది.

స్నానం తర్వాత ఆ మడతను మెత్తని బట్టతో అద్ది, పూర్తిగా ఆరనివ్వండి, రుద్దవద్దు. పౌడరు కుప్పగా పోయకండి, చెమటకు ముద్దకట్టి ఇంకా ఒరుస్తుంది. సాధారణంగా క్లోట్రిమజోల్ వంటి ఫంగస్ క్రీము రోజుకు రెండుసార్లు రాయాల్సి వస్తుంది. ఎర్రదనం పోగానే ఆపకుండా డాక్టర్ చెప్పినన్ని రోజులు రాయాలి. మందుల షాపులో ‘దురదకి ఇది బాగా పనిచేస్తుంది’ అని ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గినట్టే ఉండి, ఫంగస్ మొండికేస్తుంది, చర్మం పలచబడి చారలు పడతాయి. ఒకసారి రక్తంలో చక్కెర కూడా పరీక్ష చేయించండి. ఏటా తిరగబెడుతున్న ఫంగస్ వెనక మధుమేహం ఉండటం మేం తరచూ చూస్తుంటాం.

మీ అత్తగారి మాట. బిగుతైన బ్రా రొమ్ము జారకుండా ఆపలేదు. వేసుకున్నంతసేపూ నిలబెడుతుంది, అంతే. వయసు, ఎన్ని కాన్పులు, బరువు పెరిగి తగ్గడం, పొగతాగడం, చర్మం స్వభావం, వీటివల్ల రొమ్ము కిందికి దిగుతుంది. పాలివ్వడం వల్ల జారతాయన్నదీ నిజం కాదు, ఆ భయంతో ఏ తల్లీ బిడ్డకు పాలు మాన్పించవద్దు. పాలిచ్చే రోజుల్లో బిగుతు బ్రా వేస్తే పాలు గడ్డకట్టి, జ్వరం వచ్చే ప్రమాదం కూడా ఉంది. రాత్రిపూట తీసేసి పడుకోవడమా, మెత్తనిది వేసుకోవడమా అన్నది మీ ఇష్టం.

వైరున్న బ్రాకీ క్యాన్సర్‌కీ సంబంధం లేదు. 2014లో అమెరికాలోని సియాటెల్‌లో ఉన్న ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు నెలసరి ఆగిపోయిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ వచ్చినవారినీ రానివారినీ పోల్చి చూశారు. కప్పు సైజు, రోజుకు ఎన్ని గంటలు వేసుకుంటారు, వైరు ఉందా లేదా, ఏ వయసులో మొదలుపెట్టారు అన్నీ అడిగారు. దేనితోనూ ముప్పు పెరిగినట్టు కనబడలేదు. నల్ల బ్రా గురించి ఫోన్లలో తిరిగే మాటలకు కూడా ఏ ఆధారమూ లేదు.

క్యాన్సర్ విషయంలో చూసుకోవాల్సినవి వేరు. రొమ్ములోగానీ చంకలోగానీ గడ్డ, చర్మం సొట్టపడటం లేదా నారింజ తొక్కలా గరుకెక్కడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, రక్తం కలిసిన స్రావం, ఒకవైపు చనుమొన మీదే పొట్టురాలుతూ మానని పుండు. వీటిలో ఏది కనిపించినా నొప్పి లేదు కదా అని ఆగవద్దు. విశాఖలోని ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ హాస్పిటల్) చూపించుకోవచ్చు. మీ గాజువాకకు దగ్గరలోనే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇవేవీ లేకపోయినా, 30 దాటిన మహిళలకు రొమ్ము పరీక్ష చేయడం ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో భాగమే కాబట్టి మీ వార్డు ఆరోగ్య కేంద్రంలో అడిగి చేయించుకోండి. ఆ ఒరుపు కూడా అప్పుడే చూపించండి. రెండు మూడు వారాలు మందు రాసినా తగ్గకపోతే చర్మవ్యాధుల నిపుణులను కలవండి.