అమ్మ మొదటిసారి ఒంటరిగా అమెరికా వస్తోంది. ముందుగా ఎవరిని, ఏం అడిగి తెలుసుకోవాలి?

మీ అమ్మగారు హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డల్లాస్ వస్తున్నారని, ఆవిడకి ఏమేం చెప్పి పంపాలో చెప్పమని అడిగారు. ముందు నాదొక ప్రశ్న. ఇది మీరెందుకు అడుగుతున్నారు? ప్రయాణం ఆవిడది, అడగాల్సిందీ ఆవిడే. అదీ ఇంటర్నెట్‌లో కాదు, వాళ్ళ వీధిలో. పిల్లల దగ్గర కొన్నాళ్ళుండి ఈ మధ్యే తిరిగొచ్చిన ఆ వయసు మనిషి మన ఊళ్ళల్లో వీధికొకరైనా ఉంటారు. వాళ్ళింట్లో ఒక పూట కూర్చుంటే చాలు.

పిల్లలిచ్చే సలహాలు ఈ విషయంలో పనికిరావని నా గట్టి నమ్మకం. నేను వెళ్ళేటప్పుడు మావాడు పెద్ద ఎక్సెల్ షీటు తయారుచేసి పంపాడు. పాలసీ నంబరు, ఇంటి అడ్రసు, శనాదివారాలు చూడాల్సిన ప్రదేశాలు, అన్నీ రంగురంగుల గళ్ళల్లో. దుబాయ్‌లో దిగాక ఏం చేయాలన్న గడిలో మాత్రం 'బోర్డులు చూసుకుంటూ వెళ్ళిపోవడమే' అని ఒక్క ముక్క. వాడు ఆ దారిన వెళ్ళింది ఎప్పుడో చదువుకోడానికి వెళ్ళినప్పుడు. చెవుల్లో పాటలు పెట్టుకుని నడిచే వయసులో ఏం గమనించి ఉంటాడు?

మా ఎదురింటి వదినగారు అలా కాదు. "మధ్యలో చిన్న రైలు ఎక్కమన్నా కంగారుపడకండి, అది ఎయిర్‌పోర్టు లోపలే తిరుగుతుంది. కాగితం మీద గేటు నంబరున్నా సరే, అక్కడ టీవీ తెర మీద మళ్ళీ చూసుకోండి. వాట్సాప్‌లో ఫోన్ మాత్రం చెయ్యకండి, దుబాయ్‌లో కలవదు. మెసేజ్ పెట్టండి" అని వరసగా చెప్పారు. ఆవిడ చెప్పిన మూడూ పనికొచ్చాయి. ఆఖరిది నాకంటే ఎక్కువ వేరేవాళ్ళకి పనికొచ్చింది.

డల్లాస్ విమానం గేటు దగ్గర కరీంనగర్ నుంచి వచ్చిన భార్యాభర్తలు కూర్చున్నారు. పెద్దాయన ఫోన్ ఆపేయడం, మళ్ళీ ఆన్ చేయడం. పక్కన ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఏమైందమ్మా అని అడిగాను. "దుబాయ్‌ల దిగంగనే వాట్సాప్‌ల ఫోన్ జెయ్యమన్నది బిడ్డ. ఎంత జేసినా కలుస్తలేదు" అంది. ఫోన్ పాడైందని ఆయన, అక్కడ బిడ్డకి ఏదో అయిందని ఆవిడ. ఆ దేశంలో ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలుంటాయనీ, మెసేజ్‌లు మామూలుగానే వెళ్తాయనీ చెప్పి, 'గేటు దగ్గరే ఉన్నాం, ఇక్కడ కాల్ కలవదు' అని వాళ్ళ ఫోన్లోంచే నేను టైపు చేశాను. క్షణంలో జవాబు వచ్చింది. ఆ పిల్ల అప్పటికే హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలందరినీ నిద్ర లేపేసిందట! పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "ఈ ముచ్చట మా బిడ్డకు తెల్వదా?" అన్నారు. ఆవిడ సంచిలోంచి సకినాలు తీసి నా చేతిలో పెట్టింది. విమానం ఎక్కేదాకా తింటూనే ఉన్నాం.

సకినాలంటే గుర్తొచ్చింది. మీ అమ్మగారు బయల్దేరుతున్నారని తెలియగానే చుట్టాలు పొట్లాలతో దిగుతారు. మా ఆడపడుచు వాళ్ళబ్బాయికని కట్టిచ్చిన మూటలో గసగసాలు, ఎండుకొబ్బరి, కరివేపాకు, మూడూ ఉన్నాయి. గసగసాలు ఎమిరేట్స్ దేశంలో నిషేధం, దుబాయ్ మీదుగా వెళ్ళేవాళ్ళు వాటి జోలికే పోకూడదు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పంటుకుంటుందని మనవాళ్ళే చెకిన్ సామానులోంచి తీయించేస్తారు. కరివేపాకు మీద నిమ్మజాతి చెట్లకి తెగులు అంటించే పురుగు వస్తుందని అమెరికావాళ్ళకి భయం. బియ్యం, మాంసం పచ్చళ్ళు కూడా అక్కడికి వద్దు. ఆవకాయ, పొడులు, సున్నుండలు ఉంటే డల్లాస్‌లో అడిగినప్పుడు ఉన్నాయనే చెప్పమనండి. చెబితే మహా అయితే చూసి తీసేస్తారు, దాచి దొరికిపోతే జరిమానా. ఇక చుట్టాల పొట్లాలు విప్పి చూడకుండా పెట్టెలో పెట్టొద్దు. వాళ్ళకి కోపం వస్తే రానివ్వండి, పెట్టె ఆవిడ పేరు మీద వెళ్తుంది.

వీల్‌చెయిర్ సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషు రాదు, దారి తెలీదని, నిక్షేపంగా నడవగలిగిన వాళ్ళకి కూడా పిల్లలు వీల్‌చెయిర్ బుక్ చేసేస్తున్నారు. నిజంగా మోకాళ్ళు లేవనివాళ్ళు విమానం దిగి తలుపు దగ్గర గంటసేపు పడిగాపులు పడటం నేను చూశాను. తిరుమల మెట్లెక్కి దర్శనం చేసుకునే మనిషికి వీల్‌చెయిర్ ఏమిటండీ? తోడు కావాలంటే అదే విమానంలో డల్లాస్ వెళ్ళే తెలుగువాళ్ళు గేటు దగ్గర డజనుమంది ఉంటారు, పలకరిస్తే చాలు.

మీరు చేయాల్సిన పనులు మాత్రం రెండున్నాయి. వీసా 10 ఏళ్ళకి ఇచ్చినా ఎన్నాళ్ళు ఉండొచ్చన్నది దిగిన చోట ఇమిగ్రేషన్ ఆఫీసరు తేలుస్తారు, మామూలుగా 6 నెలలిస్తారు. ఎప్పటిదాకా ఉండొచ్చన్న ఆ తేదీ ఆన్‌లైన్‌లో ఐ-94 అనే రాకపోకల రికార్డులో ఉంటుంది. ఆవిడ ఇల్లు చేరగానే తీసి చూడండి. రెండోది ఇన్సూరెన్స్. చౌకగా వచ్చే ఫిక్స్‌డ్ పాలసీలు ఒక్కో ఖర్చుకి ఇంత అని లెక్కగట్టి ఇస్తాయి, అక్కడి ఆసుపత్రి బిల్లుకి అది ఏ మూలకీ రాదు. పాలసీ పరిమితి దాకా బిల్లులో ఎక్కువ భాగం భరించే కాంప్రహెన్సివ్‌దే తీసుకోండి. ఆవిడకి బీపీ, షుగరు ఉంటే, ముందునుంచీ ఉన్న జబ్బుల గురించి అందులో ఏం రాశారో డబ్బు కట్టకముందే చదవండి.