గాయం ఎక్కడికి పోతుంది?

మీరు అడిగింది ఇది: “ఫాంటసీ నవల రాస్తున్నాను. మంత్రశక్తికి నియమాలు, పరిమితులు, స్థాయులు అన్నీ పట్టిక వేసుకున్నాను. అయినా చదివిన మిత్రులు నమ్మబుద్ధి కావడం లేదంటున్నారు. మంత్రవ్యవస్థ ఎక్కడ విఫలమవుతుంది?”

మీ పట్టికలో లోపం ఉండకపోవచ్చు. ఆ పట్టిక సంగతి మీ కథలోని జనానికి ఎవరికీ తెలియకపోవడమే లోపమని నా అనుమానం. మంత్రం ఏమి చేయగలదో మీకు తెలుసు, నాయకుడికి తెలుసు, ప్రతినాయకుడికీ తెలుసు. మిగిలిన రాజ్యమంతా ఆ శక్తి అసలు లేనట్టే బతుకుతూ ఉంటుంది. చేతితో తాకి రోగం నయం చేసే మంత్రగాడు ఊరి మధ్యలో ఉంటాడు, అయినా వైద్యుల బతుకు మారదు, అప్పులిచ్చేవాళ్ల ఎత్తులు మారవు, పెళ్లిళ్లు కుదిర్చే పద్ధతి మారదు. పాఠకుడు ఈ మాటలు పైకి అనలేకపోవచ్చు. “నమ్మబుద్ధి కావడం లేదు” అని ఊరుకుంటాడు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నా స్నేహితురాలు చాలాకాలంగా ఒక నవల రాస్తున్నారు. అది ఇంకా అచ్చు కాలేదు. ఆమె అనుమతితోనే ఇక్కడ చెబుతున్నాను. ఆమె కథలో మంత్రం ఒక్కటే: ఒకరి గాయాన్ని మరొకరి శరీరానికి మార్చడం. గాయం మాయం కాదు, చోటు మారుతుంది. పుచ్చుకునే మనిషి ‘ఒప్పుకున్నాను’ అని నోటితో చెప్పాలి. గాయపడినవారు, పుచ్చుకునేవారు, మార్చే మంత్రగత్తె ముగ్గురూ ఒకే కప్పు కింద ఉండాలి. అంతే. స్థాయులు లేవు, రంగురంగుల కాంతులు లేవు. నాకు వినగానే నచ్చింది.

మొదటి చిత్తుప్రతిని ఆమె ఇంట్లోనే చదివి వినిపించారు. నాయిక పల్లెపల్లె తిరుగుతుంది. దెబ్బ తిన్నవాళ్ల కోసం ప్రతిచోటా ఎవరో ఒక త్యాగమూర్తి ముందుకు వస్తాడు. తల్లి కొడుకు గాయం తీసుకుంటుంది, భర్త భార్య గాయం తీసుకుంటాడు. కళ్లు చెమర్చే ఘట్టాలే అన్నీ. చివరికి రాజకుమారుణ్ణి బతికించవలసిన రాత్రి మంత్రం పనిచేయదు. ఎందుకంటే ప్రతినాయకుడి దగ్గర మంత్రాన్ని అడ్డుకునే నల్లరాయి ఒకటి ఉంది. ఆ రాయి గురించి అంతవరకు ఒక్క ముక్క కూడా లేదు.

వాళ్ల అమ్మగారు పక్క గదిలో బట్టలు మడతపెడుతూ వింటున్నారు. ఆవిడ చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైనవారు. ఫాంటసీ నవలల జోలికి ఎన్నడూ పోలేదు. చేతిలోని దుప్పటితోనే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“అమ్మాయ్, మీ రాజు కుంటివాడన్నావు కదా, ఎందుకు?”

“యుద్ధంలో దెబ్బ తగిలిందమ్మా. పాత గాయం.”

“మరి ఎవరికీ మార్చుకోలేదేం? అంత పెద్ద రాజ్యంలో డబ్బిస్తే పుచ్చుకునేవాడు ఒక్కడూ దొరకలేదా?”

“ఆయన మంచి రాజమ్మా.”

“సరే, ఆయన మంచివాడు. సేనాపతి మంచివాడా? వడ్డీవ్యాపారి మంచివాడా? వాళ్ల పిల్లలకు చేయి విరిగితే ఎవరి చేయి విరుగుతుంది?”

స్నేహితురాలు కాగితాలు పక్కన పెట్టేశారు. ఆవిడ అక్కడితో ఆగలేదు. వచ్చి కూర్చుని, వృత్తిలో ఉన్నప్పటిలాగే ఒక్కొక్కటిగా అడగడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ల మనిషి తొడమీది కోతను పదేళ్ల పిల్లవాడికి మారిస్తే కోత అంతే పొడవు ఉంటుందా? అంతే ఉంటే ఆ పిల్లవాడు బతుకుతాడా? చీముపట్టిన గాయమైతే జ్వరం కూడా వెంట వెళుతుందా? గర్భిణి పుచ్చుకుంటే ఇద్దరిలో ఎవరికి? ఆ తరువాత ఆవిడ అడిగినది నేను మరచిపోలేను.

“ఒప్పుకోవడం అంటే ఏమిటమ్మా? ఆపరేషన్ ముందు నేను కాగితం మీద సంతకాలు పెట్టించేదాన్ని. చదివి పెట్టేవాళ్లు ఎంతమందనుకుంటున్నావు? మా ముఖాలు చూసి పెట్టేవాళ్లు, వెనకాల నిలబడ్డ బంధువుల ముఖాలు చూసి పెట్టేవాళ్లు. అది ఒప్పుకోవడమేనా? మీ మంత్రం దేన్ని చూస్తుంది, సంతకాన్నా, మనసునా?”

ఆ రాత్రి చాలాసేపు ఇదే చర్చ. మంత్రం మనసును చూస్తుందంటే, అప్పుకు భయపడి ‘ఒప్పుకున్నాను’ అన్నవాడి దగ్గర అది పనిచేయదు. అప్పుడు పేదలకు ఈ మంత్రమే రక్షణ. కథ మెత్తబడుతుంది. నోటిమాటను మాత్రమే చూస్తుందంటే, ఆ మాటను కొనవచ్చు, బెదిరించి రాబట్టవచ్చు, ముందుగానే తాకట్టు పెట్టించుకోవచ్చు. మంత్రగత్తె ఎంత మంచిదైనా ఆ వ్యాపారంలో పనిముట్టు అవుతుంది. ఒకే నియమం, ఒక చిన్న మెలిక. దాన్నిబట్టి రెండు వేర్వేరు రాజ్యాలు పుడతాయి, రెండు వేర్వేరు నవలలు పుడతాయి. ఈ మెలిక దగ్గర నిర్ణయం తీసుకోకుండా వంద నియమాలు రాసుకున్నా అవి నిలవవని అప్పటి నుంచి నమ్ముతున్నాను.

ఆమె రెండోది ఎంచుకున్నారు. నోటిమాట చాలు. ఆ తరువాత నవల తనంతట తానే కదిలింది. రాజధాని గోడ బయట గాయాలు మోసేవాళ్ల వీధి వచ్చింది. వేలికి ఒక ధర, కంటికి ఒక ధర. అప్పుపత్రంలో ‘అవసరమైనప్పుడు ఒప్పుకుంటాను’ అనే వాక్యం చేరింది. గాయం పుచ్చుకునేవాళ్ల ముఖాలు చూసి మంత్రగత్తెలు వెనకాడుతున్నారని ఆస్థానంలో మధ్యన తెర కట్టించారు. ఒకే కప్పు కింద ఉంటే చాలు, కంటికి కనబడాలన్న నియమం లేదు కదా! ఆ తెర ఆలోచన వినగానే నాకు ఒళ్లు జలదరించింది. నియమంలో ఉన్న సందును అధికారం ఎలా వెతుక్కుంటుందో అంతకంటే బాగా చూపించలేము.

ఇక పతాకఘట్టం. నల్లరాయి పోయింది. రాజకుమారుడు కత్తిపోటుతో పడి ఉన్నాడు. తెర వెనక నుంచి ‘ఒప్పుకున్నాను’ అనే మాట గుసగుసగా వినిపిస్తుంది. నాయిక గాయాన్ని మారుస్తుంది. మంత్రం ఎప్పటిలాగే చక్కగా పనిచేస్తుంది. అప్పుడు తెర వెనక నుంచి ఒక దగ్గు వినబడుతుంది. అది ఆమె తమ్ముడి దగ్గు. వాడికి అప్పు ఉందన్న సంగతి, అప్పుపత్రంలోని వాక్యం, తెర, వాడి దగ్గు అన్నీ పాఠకుడికి ఎప్పుడో తెలుసు. వాటిని ఒకచోట చేర్చి చూడలేదు, అంతే.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. మంత్రం రెండు రకాలుగా విఫలం కావచ్చు. నల్లరాయి అడ్డం వచ్చి పనిచేయకపోవడం ఒకటి. అన్న మాట ప్రకారం పనిచేసి మనిషిని ముంచడం మరొకటి. మొదటిది రచయిత చేతివాటం. కథంటే రెండోదే.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. ఆదిపర్వంలోని యయాతి కథ చూడండి. శుక్రుడి శాపంతో ముసలితనం ముంచుకొచ్చింది. ఒప్పుకున్నవాడితో దాన్ని మార్చుకోవచ్చని శుక్రుడే వెసులుబాటు ఇచ్చాడు. యయాతి కొడుకులను అడిగాడు. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు కాదన్నారు, శాపాలు తిన్నారు. పూరుడు సరేనన్నాడు, రాజ్యం పొందాడు. కాదంటే శాపం, అవునంటే సింహాసనం! ఆ ఒప్పుకోలు ఎంత స్వేచ్ఛగా ఇచ్చినదో ఆలోచించండి. బదిలీ ఏ ఆటంకమూ లేకుండా జరిగింది. వేయేళ్ల యౌవనం తరువాత కూడా కోరిక తీరలేదని యయాతే చెప్పి ముసలితనం వెనక్కి తీసుకున్నాడు. మంత్రంలో లోపం లేదు, అడిగిన మనిషిలో ఉంది.

కర్ణుడి శక్తి ఆయుధం ఇంకా కచ్చితమైన ఉదాహరణ. కవచకుండలాలు ఇచ్చి ఇంద్రుడి దగ్గర తీసుకున్నాడు. ఒక్కసారే ప్రయోగించాలి, ఒక్కరినే చంపుతుంది, తరువాత ఇంద్రుడి దగ్గరికే వెళ్లిపోతుంది. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. ద్రోణపర్వంలో ఆ రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను చీల్చి చెండాడుతుంటే, ప్రయోగించమని సొంత పక్షమే కర్ణుడి మీద పడింది. ప్రయోగించాడు. గురి తప్పలేదు, ఘటోత్కచుడు చనిపోయాడు, పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు. ఆయుధం అన్న మాట నిలబెట్టుకుంది, కర్ణుడు అదే క్షణంలో ఓడిపోయాడు. దీనితో పోలిస్తే, అవసరమైన వేళకు అస్త్రమంత్రం మరచిపోతావన్న పరశురాముడి శాపం నా దృష్టిలో ఒక మెట్టు కిందే ఉంటుంది. అక్కడ మంత్రం పైనుంచి ఆగిపోయింది. కర్ణుడు ఆడిన అబద్ధం నుంచి పుట్టింది కాబట్టి మాత్రమే దాన్ని ఒప్పుకుంటాము. ఈ మాటకు చాలామంది నాతో గొడవపడతారు, పడనివ్వండి.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అమెరికన్ ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో రాసిన సూత్రాన్ని తెస్తారు. మంత్రంతో చిక్కులు విప్పాలంటే ఆ మంత్రం పాఠకుడికి ముందుగా ఎంత అర్థమైతే అంత మంచిదన్నది దాని సారం. నిజమే. శక్తుల కంటే పరిమితులు ముఖ్యమని కూడా ఆయన తరువాత చెప్పారు. చిక్కేమిటంటే చదివినవాళ్లు దీన్ని పట్టికలు నింపే పనిగా మార్చేశారు. ‘రోజుకు మూడుసార్లే’, ‘వాడితే తలనొప్పి’ అని రాసి పరిమితి పెట్టామనుకుంటున్నారు. తలనొప్పి మూల్యం కాదు. నాయకుడు తరువాతి అధ్యాయానికి లేచి తిరుగుతాడు. మూల్యమంటే ఎవరో ఒకరి దగ్గర ఏదో ఒకటి శాశ్వతంగా తగ్గాలి. అది నాయకుడి దగ్గర కాకుండా, అడ్డుచెప్పలేని మరొకరి దగ్గర తగ్గితే కథకు బలం ఎక్కువ.

లెక్కపెట్టే అలవాటు ఆటల నుంచి వచ్చిందని నిందిస్తుంటారు. అది సగమే నిజం. అమెరికన్ రచయిత జాక్ వాన్స్ 1950లోనే తన కథల్లో మాంత్రికులకు ఇరుకైన బుర్ర పెట్టాడు. కొన్ని మంత్రాలే పడతాయి, ఒకసారి ప్రయోగిస్తే ఆ మంత్రం మనసులోంచి చెరిగిపోతుంది, మళ్లీ బట్టీ పట్టాలి. బల్ల చుట్టూ కూర్చుని మాంత్రికుల్లాంటి పాత్రలు ధరించి ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట 1974లో వచ్చింది, అది దాన్ని తీసుకుంది. వాన్స్ దగ్గర అది మాంత్రికుడి గుబులు. ఏ నాలుగు మంత్రాలు వెంట తీసుకెళ్లాలి, దారిలో ఐదోదే కావలసివస్తే ఏమి చేయాలి? ఆటలో అదే అంకె అయింది. ఆటకు అంకె కావాలి, తప్పు లేదు. నవలలోకి ఆ అంకెనే తిరిగి తెచ్చి, గుబులును వదిలేసినవాళ్ల మీదే నా కోపం.

మరో కోపం కూడా చెప్పేస్తాను. ఓడిపోబోయే క్షణంలో నాయకుడిలో ‘నిద్రాణమైన శక్తి’ మేలుకోవడం. నల్లరాయికి ఇది తోబుట్టువు. రాయి మంత్రాన్ని ఆపుతుంది, ఇది మంత్రాన్ని కుమ్మరిస్తుంది. రెండూ పాఠకుడు అప్పటిదాకా జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నదంతా వృథా చేస్తాయి. పైగా ఆ శక్తి ఎప్పుడూ వంశం నుంచే వస్తుంది. గొప్ప ఇంట్లో పుట్టడమే చివరి అర్హత అయినప్పుడు, మూడువందల పేజీలు కష్టపడి మంత్రం నేర్చుకున్న ఆ తోటి శిష్యురాలు ఎందుకు నేర్చుకున్నట్టు?

నియమాలు వద్దు, మంత్రం రహస్యంగానే ఉండాలనే పక్షం మీద నాకు గౌరవమే ఉంది. అయితే రహస్యమైన మంత్రం కష్టాలు తేవచ్చు, కష్టాలు తీర్చకూడదు. అర్సులా లెగ్విన్ 1968 నాటి ఎర్త్‌సీ నవలలో గెడ్ అనే కుర్రవాడు పంతానికి పోయి చనిపోయినవారిని పిలుస్తాడు. పిలుపు ఫలిస్తుంది. దాని వెంట ఒక నీడ కూడా వచ్చి అతణ్ణి వెంటాడుతుంది. ఆ నీడ ఏమిటో పాఠకుడికి చాలాసేపు తెలియదు, తెలియనవసరం లేదు. ఎవరి గర్వం దాన్ని తెచ్చిందో మాత్రం మొదటి నుంచీ తెలుసు.

మీ నాయకుడి మంత్రం ఏమిటో ప్రశ్నలో రాయలేదు. వ్యాఖ్యలో రాయండి, తప్పకుండా చదువుతాను. స్థాయుల పట్టిక పంపనక్కరలేదు. మీ రాజ్యంలో అందరికంటే డబ్బున్నవాడు ఆ మంత్రాన్ని ఎలా వాడుకుంటున్నాడు, అందుకు ఎవరి ఇంట్లో ఏమి తగ్గింది అనే రెండు సంగతులు రాస్తే చాలు. ఆ రెండోదానికి మీ దగ్గర ఒక మనిషి, ఒక పేరు లేకపోతే తరువాతి అధ్యాయం ఆపి ముందు ఆ మనిషిని వెతకండి.